కదలిక పాఠం గోలీతో మొదలవ్వాలి

సంపాదకులకు,

ప్రాథమిక తరగతుల్లో వస్తువుల కదలికను నిర్వచనాలతో కాక గోలీలతో పరిచయం చేయాలని మనవి. ఏటవాలుగా ఆనించిన పలక మీది నుంచి ఒకే ఎత్తున వదిలిన గోలీ ఇసుకలో జానెడు, చాప మీద మూరెడు, నున్నని గచ్చుపై గది చివరి దాకా దొర్లడం కళ్లారా చూసిన పిల్లవాడు, దానిని ఆపుతున్నది అలసట కాదని, నేల కలిగించే ఘర్షణ అని తానే గ్రహిస్తాడు. వాలు బల్లలపై బంతులు దొర్లించిన గెలీలియో ఆలోచన కూడా ఈ దారినే సాగింది. ఆపే బలమేదీ లేకుంటే కదిలే వస్తువు కదులుతూనే ఉంటుందన్న ఆ ఆలోచనను న్యూటన్ 1687లో మొదటి గమన నియమంగా ప్రకటించాడు. బస్సుకు బ్రేకు వేస్తే ముందుకు తూలడం ఎందుకో అప్పుడు అడిగి చూడాలి. వస్తువు తన స్థితిని తానుగా మార్చుకోలేని ఈ గుణానికి జడత్వం అనే మాట ఆ తర్వాత వచ్చినా ఆలస్యమేమీ కాదు. మా చిన్నతనంలో మాట ముందే వచ్చింది గాని, అర్థం రావడానికి పదేళ్లు పట్టింది. ఇందుకు కావలసినవి ఒక పలక, నాలుగు గోలీలు, ఒక పీరియడు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు