మా నాన్నకి పుస్తకం చదివి వినిపించిన మీ అందరికీ

పేర్లు రాయొద్దని మీలో చాలామంది అన్నారు కాబట్టి ఊళ్ళ పేర్లతోనే పిలుస్తాను. బరంపురం అక్కకి, టెక్కలి మాస్టారికి, జయపురం వకీలు గారికి, రాయగడ చెల్లికి, మహారాష్ట్ర చివర సిరొంచలో ఉన్న అన్నయ్యకి, పాతపట్నం నుంచి బండి మీద వచ్చి మెమరీ కార్డు ఎక్కించి ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయిన తమ్ముడికి మా ఇంటిల్లిపాదీ తరఫున నమస్కారాలు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపేసి ఊరుకుందామంటే నాన్న ఒప్పుకోలేదు. "వాళ్ళు నాకోసం పుస్తకం అంతా చదివేరు. నువ్వు నాలుగు ముక్కలు రాయలేవేటి?" అన్నాడు. అందుకని రాస్తున్నాను. నేను చెబుతుంటే మా ఆడపడుచు తెలుగులో టైపు చేస్తోంది. ఎందుకో కింద చెబుతాను.

మాది పర్లాకిమిడి. నాన్న బట్టల కొట్లో గుమస్తాగా పనిచేసి మానుకున్నాడు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ బల్ల కింద వారపత్రిక పెట్టుకుని చదివేవాడని, షావుకారు చూసి కూడా చూడనట్టు ఊరుకునేవాడని అమ్మ చెప్పేది. మనందరికీ ఇష్టమైన రచయిత్రి గారి మొదటి కథ అలా బల్ల కిందే చదివాడట. అప్పటినుంచీ ఆవిడ రాసింది ఏదీ వదల్లేదు. కథ నచ్చితే కార్డు ముక్క రాసేవాడు, నచ్చకపోతే ఇంకా పెద్ద కార్డు రాసేవాడు. ఆవిడ పంపిన జవాబులు చొక్కాల అట్టపెట్టెలో ఉన్నాయి. మేము ఇల్లు మారినప్పుడు ఆ పెట్టె లారీ ఎక్కలేదు, ఆయన ఒళ్ళో కూర్చుని వచ్చింది.

ఆయనకి గ్లకోమా. మన వైపు నీటికాసులు అంటారు. ఎక్కువమందికి కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు నరం మెల్లమెల్లగా దెబ్బతింటుంది. మామూలుగా వచ్చే రకంలో నొప్పి కూడా ఉండదు. ముందు పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. నాన్న గుమ్మాలకి భుజం కొట్టుకుంటుంటే వయసు మీదపడిందన్నారు అందరూ. పోయిన చూపు ఇక రాదని, చుక్కల మందూ ఆపరేషనూ మిగిలినదాన్ని నిలబెట్టడానికేనని డాక్టరు చెప్పేసరికి మిగిలింది వెలుతురు తెలిసేంతే. ఇంట్లో ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్ళూ పిల్లలూ కూడా చూపించుకోవాలి. నేను చూపించుకున్నాను. కళ్ళజోళ్ళ షాపులో నంబరు చూయించుకుంటే అయిపోయిందనుకోకండి, కంటి ఒత్తిడీ వెనకనున్న నరమూ చూడాలి. ఈ పోస్టు చదివినవాళ్ళలో ఒక్కరు వెళ్ళి చూపించుకున్నా నాకు సంతోషం.

ఇక నా సంగతి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై మా ఊరు అందులోకి వెళ్ళాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. "ఆయన ఎల్లిపోయేరు, మా తాతలు ఉండిపోయేరు" అంటాడు నాన్న, ఎవరైనా ఆ కథ ఎత్తితే. నాన్న బడిలో తెలుగు చదివాడు. నేను ఒడియా మీడియం. నా కొడుకు ఇంగ్లీషు. ఇంట్లో ముగ్గురం మాట్లాడేది తెలుగే, తిట్టుకునేదీ తెలుగులోనే. కానీ పుస్తకం పట్టుకుంటే నాకు వత్తు దగ్గరా సున్నా దగ్గరా బండి ఆగిపోతుంది. పెళ్ళి శుభలేఖలూ సినిమా పోస్టర్లూ చదవగలను. నవల ఎలా చదువుతాను? ప్రయత్నించాను. పేజీ అయ్యేసరికి నాన్న నిద్రపోయాడు.

కొత్త నవల వచ్చిందని తెలియగానే ఆయన డబ్బిచ్చి తెప్పించమన్నాడు. చదవలేవు కదా అని అమ్మ అంది. "ఆవిడ సొంత డబ్బుతో అచ్చేసుకుంది, మనం కొనకపోతే ఎవరు కొంటారు?" అని ఒకటే మాట. పార్సిలు రాగానే ఎన్ని పేజీలో, వెల ఎంతో, అచ్చు ఎక్కడ వేసారో, అంకితం ఎవరికిచ్చారో నాతో చెప్పించుకుని, పుస్తకం తలగడ పక్కన పెట్టుకున్నాడు. ఆ సంగతి నేను ఆవిడ అభిమానులైన మీ గ్రూపులో మాటవరసకి చెప్పాను. ఏమీ అడగలేదు. అడగకుండానే అక్కడినుంచి మీరు అందుకున్నారు.

ముందు ఒకాయన, మంచి మనసుతోనే, స్కాన్ చేసిన పీడీఎఫ్ ఎక్కడో తిరుగుతోందని, పంపిస్తే ఫోనే చదివి పెడుతుందని అన్నారు. స్కాన్ అంటే పేజీకి తీసిన ఫొటో. అందులో అక్షరాలు ఫోనుకి అక్షరాల్లా కనిపించవు. వాటిని అక్షరాలుగా మార్చే యాప్‌లు ఉన్నాయి గానీ, మసక స్కాన్ ఇస్తే వత్తులు మింగేసి ఏదో భాష చదువుతాయి. అసలు ఆ స్కాన్ బయట తిరగడమే రచయిత్రి గారి కడుపు కొట్టడం అని బరంపురం అక్క మెత్తగానే చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. పైగా తన దగ్గరున్న ఫైలు తీసేసి రెండు పుస్తకాలు కొన్నారు, ఒకటి వాళ్ళ ఊరి లైబ్రరీకి.

అప్పుడే జయపురం వకీలు గారు చెప్పిన సంగతి ఇంకొకరికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో దానికి సవరణ వచ్చింది. చూపు లేనివాళ్ళూ, ఇతర వైకల్యం వల్ల మామూలు పుస్తకం చదవలేనివాళ్ళూ సొంతానికి వాడుకోవడం కోసం పుస్తకాన్ని వాళ్ళకి అందే రూపంలోకి, అంటే బ్రెయిలీలోకో ఆడియోలోకో మార్చి ఇస్తే తప్పు కాదు. 52వ సెక్షన్‌లో ఉందట. ఇదే విషయం మీద 2013లో మరకేష్‌లో ప్రపంచ దేశాల ఒప్పందం కుదిరితే, 2014లో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ కూడా ఉంది, చూపు లేనివాళ్ళు అందులో చేరొచ్చు. నాన్నకి కావలసిన నవల మాకు అక్కడ దొరకలేదు.

చట్టం ఒప్పుకుంటుంది కదా అని మీరు మొదలెట్టెయ్యలేదు. టెక్కలి మాస్టారు రచయిత్రి గారికి ఫోన్ చేసి అడిగారు. ఆవిడ వెంటనే సరేనన్నారు. చూపు లేనివాళ్ళు ఇంకెవరైనా అడిగితే వాళ్ళకీ ఇవ్వమన్నారు, మిగతావాళ్ళు కొనుక్కుంటారులెండి అని నవ్వారట. చదివిన ప్రతివాళ్ళూ సొంతంగా కొన్న పుస్తకంలోంచే చదివారన్నది నాకు తరవాత తెలిసింది.

చదవడానికి మాస్టారు పెట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది. మొదట్లో అధ్యాయం నంబరూ పేజీ నంబరూ చెప్పాలి. ఫ్యాను ఆపాలి, ఫోన్లో ఆ గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడదు. నటించకూడదు. ఏడుపు వచ్చే చోట చదివేవాళ్ళు ఏడవకూడదు, అది వినేవాళ్ళ వంతు. మధ్యలో అర్థాలు చెప్పకూడదు. దగ్గొస్తే దగ్గేసి మళ్ళీ ఆ వాక్యం మొదటినుంచి చదవాలి. బరంపురం ఎండల్లో ఫ్యాను ఆపుకుని కూర్చోవడం అంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు.

రికార్డింగులు పెద్ద ఫోన్లో నాన్నకి కుదరలేదు. నున్నటి అద్దం మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియక విసుక్కున్నాడు. పాతపట్నం తమ్ముడు మెమరీ కార్డు పట్టే చిన్న ఎఫ్‌ఎం రేడియో తెచ్చాడు. దాని బటన్లన్నీ ఒకే సైజు. అమ్మ తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి ప్లే బటన్ మీద అంటించింది. వెనక్కి వెళ్ళే బటన్ మీద రెండు బొట్టుబిళ్ళలు, ఒకదాని మీద ఒకటి. ఇప్పుడు ఎవరి సాయం లేకుండా ఆయనే పెట్టుకుంటాడు, ఆపుకుంటాడు, నచ్చిన పేరా మళ్ళీ వింటాడు. చెమటకి బిళ్ళలు ఊడిపోతే అమ్మ కొత్తవి అంటిస్తుంది.

వినగా వినగా మిమ్మల్ని ఒక్కొక్కరినీ గుర్తుపట్టేసాడు. మాస్టారు పేజీ తిప్పే ముందు వేలు తడి చేసుకుంటారని చెబుతాడు. నాకైతే ఆ చప్పుడు వినపడలేదు. రాయగడ చెల్లి వెనక రైలు కూత. బరంపురం అక్క వెనక కుక్కరు. ఒకసారి రెండు విజిల్స్ వచ్చి అధ్యాయం అయిపోయింది. "మూడోది రాలేదే, ఆవిడ పప్పు ఏటయ్యిందో" అని ఆ పూట భోజనం దగ్గర కూడా అదే ధ్యాస. సిరొంచ అన్నయ్య చదివిన అధ్యాయాల్లో నవలలోని పలాస పిల్ల గోదావరి అవతలి యాసలో మాట్లాడింది. ముందు రోజు నాన్న పగలబడి నవ్వాడు. మర్నాటికి అలవాటైపోయి, "పిల్లని సిరొంచ ఇచ్చేసేం" అన్నాడు. అన్నయ్యా, మీరు చదివినవే ఎక్కువసార్లు పెట్టుకుంటున్నాడు. ఈ ముక్క మిగతావాళ్ళకి కోపం తెప్పిస్తే తెప్పించనీ.

ఇంకో సంగతికి కూడా కృతజ్ఞత చెప్పాలి. పుస్తకం అయిపోయాక నాన్న తన అభిప్రాయం రికార్డు చేసి గ్రూపులో పెట్టమన్నాడు. మొదటి సగం బ్రహ్మాండం అన్నాడు. రెండో సగంలో తమ్ముడి పాత్రని నడివీధిలో వదిలేసారన్నాడు. ఆపైన రైలు తప్పు పట్టాడు. నవలలో ఒకడు 2007లో నౌపడ నుంచి గుణుపురానికి చిన్నరైలు ఎక్కుతాడు. "1900లో మా ఊరొచ్చిన రైలది. 2004లోనే పట్టా మార్చడానికి ఆపేసేరు. 2007లో వాడు ఏ రైలెక్కేడు?" అని ఆయన గొంతు. రెండున్నర అడుగుల పట్టా మీద నడిచిన ఆ రైల్లో నాన్న పెళ్ళికొడుకై వెళ్ళాడు కాబట్టి ఆ విషయంలో రాజీ లేదు.

ఒకరిద్దరు నొచ్చుకున్నారు. ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారు, పెద్దాయన మెసేజ్ తీసెయ్యండి అన్నారు. ఆవిడ మీద ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు. సినిమా హీరోల కటౌట్లకి పాలు పోయడం చూస్తూ పెరిగిన వాళ్ళం, అభిమానం అంటే మన మనిషిని ఎవరూ ఏమీ అనకుండా చూసుకోవడం అనుకుంటాం. మిగతావాళ్ళు మాత్రం ఆ మెసేజ్ ఉంచాలన్నారు, ఒక్కరు కూడా గొంతు పెంచకుండా. మర్నాడు రచయిత్రి గారే వాయిస్ మెసేజ్ పెట్టారు, రాస్తే ఆయన చదవలేరు కదా అని. రైలు సంగతి రెండో ముద్రణలో దిద్దుకుంటానన్నారు. తమ్ముణ్ణి మాత్రం కావాలనే వదిలానని, అలాగే ఉంచుతానని చెప్పారు. నాన్న విని, "రైలు ఒప్పుకుంది. తమ్ముడి దగ్గర మొండితనం" అన్నాడు. అయినా ఆ మెసేజ్ కూడా కార్డులోకి ఎక్కించమన్నాడు, చివరి అధ్యాయం తరవాత వచ్చేలా.

మీ గ్రూపులో నేను చేరింది నాన్న కోసమే, ఎక్కువ మాట్లాడింది లేదు. కానీ చూస్తూ ఉన్నాను. ఆవిడ ఇంట్లో జబ్బు చేసిన రోజుల్లో తరవాతి భాగం ఎప్పుడని ఒక్కరూ అడగలేదు. కొత్తగా చదివేవాళ్ళకి కథ ముందే చెప్పెయ్యకుండా ఎంత జాగ్రత్తపడతారో! పుస్తకాల ఎగ్జిబిషన్‌కి వెళ్ళిన వాళ్ళు ఆవిడ పుస్తకం వెనక వరసలో ఉంటే ముందుకి జరిపి వస్తారు. (ఇది తప్పో ఒప్పో వకీలు గారే చెప్పాలి.)

రికార్డింగులు ఇప్పుడు గుణుపురంలో ఒక పెద్దావిడకి కూడా వెళ్తున్నాయి, ఆవిడకీ చూపు లేదు. ఇంకెవరికైనా కావాలంటే చెప్పండి, కార్డు మేమే ఎక్కించి పంపుతాం. పోస్టు ఖర్చు గురించి ఎవరూ మాట్లాడొద్దు.

చివరగా, తప్పకుండా చెప్పమని నాన్న మరీ మరీ అన్నది ఒకటుంది. బరంపురం అక్కా, మీరు చదివిన తొమ్మిదో అధ్యాయంలో రెండు కాగితాలు ఒకేసారి తిరిగిపోయినట్టున్నాయి. 211 నుంచి 214కి వెళ్ళిపోయారు. పెళ్ళి చెడింది ఆ మధ్యలోనేనని తరవాత తెలుస్తోంది గానీ, ఎందుకు చెడిందో తెలియక ఈయన మమ్మల్ని చంపుకు తింటున్నాడు. ఆ రెండు పేజీలూ నేను చదువుతానన్నాను. "నువ్వు చదివితే ఆ పిల్లకి ఇంకో సంబంధం కుదిరిపోద్ది" అన్నాడు. వీలైతే ఈ రాత్రికే పంపండి, కుక్కరు దింపాకే చదవండి.