కళ్లజోడు చీటీతో కాంటాక్ట్ లెన్సులు కొనకండి

సంపాదకులకు,

కళ్లజోడు మేలా, కాంటాక్ట్ లెన్సులు మేలా అంటూ మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. అందం గురించి, సౌకర్యం గురించి బాగానే రాశారు. లెన్సును కంటికి ఎలా కొలుస్తారో, వ్యవహారం ఎక్కడ బెడిసికొడుతుందో మాత్రం రాయలేదు. కంటి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నవాళ్లుగా మాకు ఆ రెండే ముఖ్యమనిపిస్తాయి.

కళ్లజోడు కోసం రాసిచ్చిన చీటీ లెన్సుకు పనికిరాదు. జోడులోని అద్దం కంటికి సుమారు 12 మి.మీ. దూరంలో ఉంటుంది. కాంటాక్ట్ లెన్స్ నేరుగా నల్లగుడ్డు మీద, కన్నీటి పొరపై కూర్చుంటుంది. సైట్ 4 లోపు ఉంటే ఈ దూరం వల్ల పెద్ద తేడా రాదు. అది దాటితే వస్తుంది. జోడులో మైనస్ 6 వాడేవారికి లెన్సులో సుమారు మైనస్ 5.50 చాలు, మైనస్ 8 ఉన్నవారికి మైనస్ 7.25. ప్లస్ పవర్‌కు లెక్క తిరగబడుతుంది: ప్లస్ 6 కాస్తా ప్లస్ 6.50 అవుతుంది.

పవర్ కుదిరితే సరిపోదు, లెన్సు వంపు కూడా కంటికి కుదరాలి. మెత్తని లెన్సుల పెట్టె మీద 8.4, 8.6 అని కనిపించే బేస్ కర్వ్ అంకె ఆ వంపుదే. లెన్సు పెట్టి పది, ఇరవై నిమిషాలు కుదురుకోనిచ్చి కంటిని పెద్దదిగా చూపించే స్లిట్ ల్యాంప్ అనే పరికరం కింద చూస్తే, రెప్ప వేసిన ప్రతిసారీ అది ఇసుమంత కదిలి మళ్లీ నడిమికి రావాలి. బిగుతైతే కదలదు, తెల్లగుడ్డు మీద అంచు గుర్తు పడుతుంది, లెన్సు కింద కన్నీరు మారదు. వదులైతే జారుతూ చూపును చెదరగొడుతుంది. సైట్ లేకుండా సరదాకి పెట్టుకునే రంగు లెన్సులూ ఆ నల్లగుడ్డు మీదే కూర్చుంటాయి. వాటికీ ఇదే కొలత అవసరం. కొలత లేకుండా కొన్న రంగు లెన్సును స్నేహితులు మార్చి మార్చి పెట్టుకోవడం చాలా ప్రమాదకరం.

కొందరికి లెన్సే మేలు. రెండు కళ్ల సైట్ మధ్య తేడా 3 దాటితే జోడులో ఒక కంటి బొమ్మ పెద్దగా, రెండోది చిన్నగా పడి తలనొప్పి వస్తుంది. లెన్సుతో ఆ తేడా చాలావరకు తగ్గుతుంది. నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్‌లో జోడు ఒక దశ దాటాక చూపు ఇవ్వలేదు. అక్కడ గట్టి లెన్సు కింద కన్నీరు నిండి ఎగుడుదిగుళ్లను సర్దుతుంది. కళ్లు పొడిబారేవారికి, రెప్పల అంచులు తరచూ వాచేవారికి, దుమ్ములో పనిచేసేవారికి జోడే నయం. మైనస్ సైట్‌తో నలభై దాటినవారికి ఒక మాట: జోడు దగ్గరి చూపులో కంటి శ్రమను కొంత తగ్గిస్తుంది, లెన్సులోకి మారితే ఆ వెసులుబాటు పోయి చత్వారం ముందే బయటపడుతుంది.

ఇక నీళ్ల సంగతి. లెన్సుకు నీళ్లు తగలకూడదు. కుళాయి నీళ్లు, ఈత కొలను, స్నానం, ఉమ్మి ఏవీ వద్దు. నీటిలో ఉండే అకాంథమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డులో చేరితే గట్టి పెంకు కట్టుకుని మందులకు ఒక పట్టాన లొంగదు. వైద్యం నెలల తరబడి సాగుతుంది. అందుకే చేతులు సబ్బుతో కడుక్కున్నాక పూర్తిగా తుడుచుకోవాలి. తీసిన లెన్సును అరచేతిలో ఉంచి, లెన్సులు శుభ్రం చేసే ద్రావణం వేసి, సీసా మీద రాసినంతసేపు వేలి కొసతో రెండు వైపులా రుద్ది, మళ్లీ ద్రావణంతోనే కడగాలి. సెలైన్ కడగడానికే, క్రిములను చంపదు. డబ్బాలో నిన్నటి ద్రావణం మీద ఇవాళ్టిది కలిపితే దాని శక్తి సన్నగిల్లుతుంది, కాబట్టి ఉన్నదంతా పారబోయాలి. డబ్బాను ద్రావణంతో కడిగి, తుడిచి, బోర్లించి ఆరనివ్వాలి. మూడు నెలలకోసారి కొత్తది కొనాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం ద్రావణమైతే దానితో వచ్చిన ప్రత్యేక డబ్బాలోనే ఉంచి, సీసా మీద చెప్పిన గంటలు పూర్తయ్యాకే లెన్సు తీయాలి. తొందరపడితే కన్ను మండిపోతుంది. వారానికి ఒకటి రెండు రోజులే వాడేవారు ఒక్కరోజు వాడి పారేసే లెన్సులు తీసుకుంటే ఈ కడుగుడు బాధే ఉండదు.

లెన్సుతో నిద్రపోవద్దు. మూసిన రెప్ప కింద నల్లగుడ్డుకు గాలి అందేదే తక్కువ, దాని మీద లెన్సు కూడా ఉంటే ఇన్‌ఫెక్షన్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది.

లెన్సులు వాడేవారికీ సరైన పవర్‌తో ఒక జోడు చేతిలో ఉండి తీరాలి. దాన్నీ పాత ఫ్రేము కొలతలతో చేయించొద్దు. మైనస్ 6 అద్దంలో నడిమి బిందువు కనుపాప ఎదుట కాక 5 మి.మీ. పక్కకు పడితే 3 ప్రిజమ్ డయాప్టర్ల (వెలుతురు పక్కకు వంగడాన్ని కొలిచే ప్రమాణం) లాగుడు పుట్టి కళ్లు లాగేస్తాయి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే లెన్సు తీసేసి జోడు పెట్టుకోండి. కంటికి కట్టు కట్టొద్దు, ఇంట్లో ఉన్న చుక్కలు వేయొద్దు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. లెన్సునూ డబ్బానూ పారేయకుండా వెంట తీసుకెళ్తే, వాటిని ల్యాబ్‌కు పంపి ఏ క్రిమో కనుక్కునే వీలుంటుంది.

ఇట్లు,
కంటి పరీక్షల విభాగంలో పనిచేసే కొందరు ఆప్టోమెట్రిస్టులు