కార్మిక అధ్యాయం ఫ్యాక్టరీ గేటు లోపలికి రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

విదేశీ వాణిజ్య ఒప్పందాల వల్ల చిత్తూరు మామిడి గుజ్జుకు మంచి రోజులు వస్తున్నాయంటూ పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. సుంకాల గురించి, ఎగుమతుల గురించి అందులో రాసిన వాటితో నాకు పేచీ లేదు. కానీ మానవ హక్కులు, కార్మిక ప్రమాణాల షరతులన్నీ మన సరుకును అడ్డుకోవడానికి సంపన్న దేశాలు పన్నే ఎత్తుగడలనీ, వాటికి కోరలు లేకుండా చూసుకోవడం మన ప్రభుత్వం సాధించిన విజయమనీ చివరి పేరాలో తేల్చేయడం చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

నేను చిత్తూరు దగ్గర ఒక జ్యూస్ ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు గుమస్తాగా పనిచేశాను. తోతాపురి కాయ దిగే జూన్, జూలై నెలల్లో గేటు బయట ట్రాక్టర్లు ఎలా బారులు తీరతాయో ఈ జిల్లాలో అందరికీ తెలుసు, పత్రికల్లో ఫొటోలు కూడా వస్తాయి. లోపల కాయలు కోసే ఆడవాళ్ల ఫొటో మాత్రం నేనెప్పుడూ చూడలేదు. సొన వేళ్ల సందుల్లోకి దిగి తోలు పొరలుగా లేచిపోతుంది. రాత్రి ఇంటికి పోయి కొబ్బరినూనె రాసుకుని, తెల్లవారేసరికి అవే చేతులతో మళ్లీ కత్తి పట్టేవాళ్లు. విదేశీ కొనుగోలుదారు తరఫున తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే మాకు వారం ముందే తెలిసేది. ఆ రోజు అందరికీ కొత్త గ్లౌజులు ఇచ్చేవారు. మేస్త్రీ కింద వచ్చే కూలీలను, అందులోనూ వయసు చాలని పిల్లలను, ఆ పూటకు రావద్దనేవారు. ఎనిమిది గంటల పని మాత్రమే కనిపించే హాజరు పుస్తకం ఒకటి బల్ల మీదికి వచ్చేది. ఆ పుస్తకం రాసింది నేనే. ఉద్యోగం పోతుందన్న భయంతో రాశాను, అందుకు ఈనాటికీ తలదించుకుంటున్నాను. వచ్చినవాళ్లు ఇంగ్లిషులో అడిగితే మేనేజరే తెలుగులో చెప్పేవాడు, ఆయన ముందే నిలబడి ఆ తల్లులు "అంతా బాగుంది సార్" అనేవారు.

ఇదే సరుకు విషయంలో వేరే రకమైన తనిఖీ ఎంత గట్టిగా ఉంటుందో కూడా మనం చూశాం. మన దేశం నుంచి వెళ్లిన పండ్లలో పండుఈగ కనబడిందని 2014 మే నెల నుంచి యూరోపియన్ యూనియన్ భారత మామిడి దిగుమతినే ఆపేసింది. 2015 జనవరిలో గానీ ఆ నిషేధం ఎత్తివేయలేదు. ఆ కొద్ది నెలల్లోనే ప్యాకింగ్ కేంద్రాల్లో తనిఖీ పద్ధతులు మారాయి, ఢిల్లీ అధికారులు పరుగులు పెట్టారు. పురుగుమందు అవశేషాన్ని కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని కొలిచి, దాటితే సరుకు వెనక్కి పంపుతారు. చేతుల తోలు ఊడిందన్న కారణంగా ఒక్క డబ్బా వెనక్కి రావడం నా పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు. కార్మికుల గురించిన షరతుకు కొలత లేదు, అడిగే నాథుడూ లేడు.

2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో కార్మికుల గురించి ప్రత్యేక అధ్యాయం ఉంది. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్ దేశాలతో 2024 మార్చిలో సంతకమై 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఒప్పందంలోనూ సుస్థిరాభివృద్ధి అధ్యాయంలో కార్మికుల ప్రస్తావన ఉంది. రెండింటిలోనూ ఆ అధ్యాయాలను వివాద పరిష్కార విధానం పరిధిలోకి రానివ్వలేదు. సుంకం లెక్క తప్పితే ఒక దేశం ఇంకో దేశాన్ని విచారణకు లాగవచ్చు గానీ, కార్మిక అధ్యాయాన్ని ఉల్లంఘిస్తే కూర్చుని మాట్లాడుకోవడమే మిగులుతుంది. మీ వ్యాసకర్త విజయమన్నది దీన్నే.

సంపన్న దేశాల మీద అనుమానం ఉత్తుత్తిదేమీ కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. 1996లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశంలో కార్మిక ప్రమాణాలను వాణిజ్య ఆంక్షలతో ముడిపెట్టవద్దని భారత్‌తో సహా వర్ధమాన దేశాలు పట్టుబట్టాయి, అవి అంతర్జాతీయ కార్మిక సంస్థ చూసుకోవలసినవని ఆ సమావేశం తేల్చింది. మానవ హక్కుల కారణంగా యూరోపియన్ యూనియన్ 2010లో శ్రీలంకకు సుంకాల రాయితీ ఆపినప్పుడు ఆ భారం అక్కడ బట్టలు కుట్టే ఆడపిల్లల ఉపాధి మీద కూడా పడింది. ఆ రాయితీ మళ్లీ 2017లో గానీ రాలేదు. అందుకే దేశం మొత్తానికి శిక్ష వేసే షరతును నేను కోరడం లేదు. నేను కోరేది ఫిర్యాదు వినే చోటు. దక్షిణ కొరియా కార్మిక సంఘాల చట్టం మీద, ఆ దేశంతో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద, యూరోపియన్ యూనియన్ వేసిన ఫిర్యాదును నిపుణుల మండలి విచారించి 2021 జనవరిలో అభిప్రాయం చెప్పింది. పైసా సుంకం పెంచకుండానే, సంఘ స్వేచ్ఛకు సంబంధించిన 87, 98 నంబర్ల అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికలను కొరియా అదే ఏడాది ఆమోదించింది. ఆ రెండింటినీ మన దేశం ఈ రోజుకీ ఆమోదించలేదు. మరో పక్క గ్వాటెమాలా ఉదాహరణ ఉంది. అమెరికాతో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద అక్కడి సంఘాలు 2008లో మొరపెట్టుకుంటే 2017లో తీర్పు వచ్చింది. కార్మిక చట్టాల అమలులో లోపాలు ఉన్నాయని ఒప్పుకుంటూనే, వాటివల్ల వాణిజ్యం మీద ప్రభావం పడినట్టు రుజువు కాలేదని ఆ కేసు విన్న మండలి ఫిర్యాదును కొట్టేసింది. షరతు రాసేటప్పుడు ఒక్క మాట తేడాగా పడితే తొమ్మిదేళ్లు ఎలా వృథా అవుతాయో మన అధికారులు చూసి నేర్చుకోవలసింది అక్కడ.

మన అధికారులు నేర్చుకుంటున్నది వేరు. బ్రిటన్‌తో ఆ సంతకానికి సరిగ్గా ముందు నెలలో, 2025 జూన్‌లో, రోజుకు తొమ్మిదిగా ఉన్న పని గంటలను పది చేయాలని మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్రం కొత్త లేబర్ కోడ్‌లలో, అంటే కార్మిక చట్టాల్లో, ఇన్‌స్పెక్టర్ పేరునే ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్‌గా, అంటే తనిఖీతో పాటు సలహా కూడా ఇచ్చే అధికారిగా, మార్చారు. ఒకప్పుడు ఇన్‌స్పెక్టర్ జీపు గేటు దగ్గర ఆగితే కనీసం లోపల కొంచెం కలకలం రేగేది. ఇప్పుడు కూలి తక్కువ ఇచ్చారని ఒకామె కార్మిక శాఖ కార్యాలయానికి పోతే, ముందు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని రమ్మంటారు. కోతకత్తి పట్టే మనిషికి ఆ నమోదు ఎవరు చేసిపెట్టాలి? ఆ పూట కూలి పోగొట్టుకుని బస్సు చార్జీ పెట్టుకుని వచ్చినామెకు అది జవాబేనా?

యూరప్‌తోనూ ఇతర దేశాలతోనూ కుదిరే ఒప్పందాల్లో కూడా ఇలాంటి అధ్యాయాలు ఉండవచ్చు. మన జిల్లా నుంచి ఎన్నికైన ఎంపీలు వాటి తెలుగు ప్రతిని బయటపెట్టించాలి. కాయ దిగకముందే, మే నెలలోనే, ప్రతి జ్యూస్ ఫ్యాక్టరీ గేటు మీద ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు, ఫోన్ నంబరు తెలుగులో రాయించాలి. తనిఖీకి వచ్చేవారు మేనేజరును బయట నిలబెట్టి, తమ వెంట వేరే తెలుగు మనిషిని తెచ్చుకుని ఆ ఆడవాళ్లతో మాట్లాడాలి. మీ పత్రిక కూడా గుజ్జు ధరతో పాటు కోతకూలి ఎంతో ఈ సీజన్‌లో వారం వారం అచ్చువేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గుమస్తా,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.