వరిగడ్డి గ్యాసుకు పేడ తోడు కావాలి

సంపాదకులకు,

బయోగ్యాస్ అనగానే వరిగడ్డిని మోపులుగా డైజెస్టర్‌లో (గ్యాసు తయారయ్యే మూసిన తొట్టిలో) పడేస్తే అది పైకి తేలి అట్టకడుతుంది. 1–2 సెంటీమీటర్ల ముక్కలు చేసి, నానబెట్టి, పేడతో కలిపి వేయాలి. గడ్డిలో నత్రజని తక్కువ, ఆ లోటు పేడ తీరుస్తుంది. మిశ్రమంలో కార్బన్–నత్రజని నిష్పత్తి 25–30:1 దగ్గర ఉండాలి. మేత, అంటే తొట్టిలో వేసే ఈ మిశ్రమం, ఒక్కసారిగా పెంచితే ఆమ్లాలు పేరుకుంటాయి, మండే వాయువైన మీథేన్ పడిపోతుంది. ఆమ్లతను తెలిపే పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 6.5 కంటే దిగితే మేత ఆపి, కొద్దిగా సున్నపు నీళ్లు కలపాలి. గ్యాసు మంట నిలకడగా నీలంగా వచ్చాకే మళ్లీ, అదీ కొంచెం కొంచెంగా. గ్యాసు తయారుచేసే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వేడి హాయి; విశాఖ వేసవికి ఆ లోటు లేదు, చలికాలంలో మాత్రం గ్యాసు తగ్గుతుంది. కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గ్యాసును ఇనుప రజను నింపిన గొట్టంలోంచి పంపకపోతే దానితో నడిపే ఇంజనును అది లోపల తినేస్తుంది. మనకు సముద్రపు గాలి పట్టించే తుప్పే చాలు!

— ఒక పాఠకుడు, విశాఖపట్నం