కిరిబాటిలో ముందు చెడేది బావి నీరు

సంపాదకులకు నమస్కారం.

పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశం కిరిబాటి పేరు వచ్చిందంటే మునిగిపోయే దేశమనే రాస్తారు. నేల మునగకముందే అక్కడ నీళ్లు ఉప్పగా మారతాయి. 33 దీవుల నేలంతా కలిపినా 811 చదరపు కిలోమీటర్లే. దాదాపు సగం ఒక్క కిరిటిమాటి దీవిదే. బనాబా దీవి మాత్రం 81 మీటర్ల దాకా లేస్తుంది. మిగతావన్నీ సముద్రానికి కాస్త పైన ఉన్న పగడపు దిబ్బలు. నదుల్లేవు.

వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతుంది. లెక్క ప్రకారం సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరుంటే కింద 40 మీటర్లు ఉండాలి. రెండూ కలిసిపోయే పొర మందంగా ఉంటుంది కాబట్టి తాగడానికి పనికొచ్చేది అంతకంటే చాలా తక్కువ. ఒకేచోట లోతుగా బోరు దించి గట్టిగా తోడితే అడుగు ఉప్పు పైకి ఎగబాకుతుంది. అందుకే రాజధాని ప్రాంతమైన దక్షిణ తరావాకు నీరిచ్చే బోన్రికి, బుయోటాలలో నీటిమట్టం దగ్గరే చిల్లుల పైపులు అడ్డంగా పరిచి నెమ్మదిగా లాగుతారు. అలలు దీవి మీదికి పొర్లితే ఆ ఉప్పు వదలడానికి మళ్లీ వానలే దిక్కు. పసిఫిక్ మధ్య భాగం నీరు చల్లబడే లానినా ఏడాదైతే అవీ ముఖం చాటేస్తాయి.

మరో మాట. పటం వేసేటప్పుడు, దాటితే తేదీ మారే అంతర్జాతీయ తేదీ రేఖను నిటారుగా గీయకండి. 1995 నుంచి అది ఈ దేశపు తూర్పు దీవులను చుట్టి వెళ్తోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు