సోడిని సోది అని పిలవొద్దు: తెలంగాణ గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రి గారికి నమస్కారం.

ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలోని ఆశ్రమ పాఠశాలల్లో హాజరు పిలిచే తీరు గురించి ఈ లేఖ.

కోయల్లో సోడి ఒక ఇంటిపేరు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న పట్టీ చూసి పిలిస్తే అది ‘సోది’ అవుతుంది. తరగతంతా నవ్వుతుంది. ఇక ఏడాది పొడవునా ఆ పిల్లవాడికి అదే పేరు. గోండుల ఇంటిపేరు మడావి ‘మాధవి’ అవుతుంది, సిడాం ‘సిదాం’, టేకం ‘తేకం’ అవుతాయి. ఇంగ్లిష్‌లో ద, డ రెండింటికీ ఒకటే అక్షరం. త, ట కూడా అంతే. ఏ అచ్చు దీర్ఘమో తెలియదు. కొత్తగా బదిలీపై వచ్చిన ఉపాధ్యాయురాలు ఆ కాగితం చూసి ఊహించి చదవాల్సిందే. కుమ్రం భీం పేరిట 2016లో జిల్లానే ఏర్పడినా, ఆయన ఇంటిపేరును కొమురం, కొమరం, కుమురం అని తలో తీరుగా రాస్తున్నాం.

లంబాడా పేర్ల సంగతి వేరు. బానోత్, ధరావత్ పొల్లుతో ముగుస్తాయి. తెలుగు నోటికి మాట చివర అచ్చు కావాలి గనక బానోతు, ధరావతు చేసేస్తాం. కొన్ని కుటుంబాలు తామే అలా రాసుకుంటాయి, అది వారి ఇష్టం. అడగకుండా మార్చడమే తప్పు. పుట్టిన వారాన్ని బట్టి పెట్టిన సోమ, సుక్ర, ఐత వంటి కోయ పేర్లను ముద్దుపేర్లనుకుని ‘మంచి పేరు’ ఏమిటని అడగడం ఇంకా బాధాకరం. అవే వారి పేర్లు.

ఆధార్ కార్డు మీది తెలుగునూ నమ్మలేం. ఇంగ్లిష్‌లో కొట్టిన పేరును సాఫ్ట్‌వేరే తెలుగులోకి మారుస్తుంది. నమోదు చేసేవారు సరిచూడకపోతే ఆ తప్పే అచ్చవుతుంది.

కాబట్టి పిల్లల నోటి నుంచే వినాలి. అందరి ముందూ కాదు, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి. టీచరు ముందు పలికి ‘ఇంతేనా?’ అంటే ఎలా పలికినా పిల్లలు తలూపుతారు, పెద్దవాళ్లను కాదనలేరు. అందుకే ముందు పిల్లల చేత చెప్పించాలి, తర్వాత టీచరు పలకాలి. అనుమానముంటే రెండు రూపాలూ పలికి ‘ఇదా, అదా?’ అని అడగాలి. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయాలి, దీర్ఘాలూ పొల్లులూ వదలకుండా. తల్లిదండ్రులు బడికి వచ్చిన రోజున వారి చేత కూడా పలికించి సరిచూసుకోవాలి. పిల్లకు నిమిషం చొప్పున నలభై మందికి ఒక పీరియడు చాలు.

హాజరు పట్టీలో ఇంగ్లిష్ పేరు పక్కన ‘పలికే తీరు’ అని ఒక తెలుగు గడి చేర్చండి. ఆధార్, అపార్ (విద్యార్థి గుర్తింపు సంఖ్య), పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా)లోని ఇంగ్లిష్ స్పెల్లింగును ముట్టుకోనక్కర్లేదు, అందువల్ల రికార్డుల్లో తేడా రాదు. ఈ గడిని ఇంగ్లిష్ నుంచి మార్చే సాఫ్ట్‌వేర్‌తో నింపకుండా చేత్తో రాయించండి. టీచరు బదిలీ అయితే ఆ పట్టీని కొత్తవారికి మొదటి రోజే అప్పగించాలి. జూన్ చివరికల్లా ప్రధానోపాధ్యాయులు ప్రతి తరగతిలో ఒకసారి కూర్చుని హాజరు పిలుపు వినాలి. వార్డెన్లకూ ఇదే పట్టీ అందాలి, రాత్రి హాజరు పిలిచేది వారే.

ఇట్లు,
గిరిజన ప్రాంత ఉపాధ్యాయులం