ఆదివారం టోర్నమెంట్ గురించి, గుణదల టీమ్ గురించి

అందరికీ నమస్తే. మన గేమింగ్ కేఫ్‌లో ఆదివారం పెట్టే వాలరెంట్ (ఐదుగురికి ఐదుగురు ఆడే తుపాకుల గేమ్) టోర్నమెంట్ మొన్నటితో వరుసగా ఏడోసారి గుణదల పిల్లలే కొట్టారు. ఎనిమిది టీములు ఆడేచోట ఈ వారానికి ఇప్పటిదాకా మూడే పేర్లిచ్చాయి. "ఎలాగూ వాళ్లే కదన్నా, ఎంట్రీ ఫీజు దేనికి?" అని పటమట నుంచి వచ్చే తమ్ముడొకడు మొహం మీదే అడిగాడు. ఆ రోజు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నా.

ముందు వాళ్లు హ్యాకులు, అంటే గేమ్‌లో మోసం చేసే సాఫ్ట్‌వేర్, వాడుతున్నారన్న మాట. వాళ్లు ఏ హ్యాకూ వాడటం లేదు. సిస్టమ్స్ నావి, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది, పైగా హ్యాకులు పట్టుకోడానికి గేమ్‌తో వచ్చే వాన్‌గార్డ్ సిస్టమ్ ఆన్ అయినప్పటి నుంచే కాపలా కాస్తుంటుంది. అయినా రెండు ఆదివారాలు వాళ్ల వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నా. పిస్టల్ రౌండ్, అంటే చిన్న తుపాకులతో ఆడే మొదటి రౌండ్, పోయిందనుకోండి, మిగతా టీముల్లో ఒకడు ఉన్నదంతా పెట్టి గన్ను కొంటాడు, ఇద్దరు పిస్టల్‌తోనే పరిగెడతారు, ఇంకొకడు అరుస్తుంటాడు. గుణదల వాళ్లలో కాల్స్ ఇచ్చే కుర్రాడు "సేవ్" అంటే ఐదుగురూ పైసా ఖర్చు పెట్టరు. రౌండ్ ఓడినా గేమ్‌లో తుపాకులు కొనుక్కోడానికి క్రెడిట్లు వస్తాయి: మొదటి ఓటమికి 1900, రెండోదానికి 2400, మొత్తం 4300. వాండల్ అనే పెద్ద గన్నుకి 2900, ఒంటికి రక్షణ ఇచ్చే హెవీ షీల్డ్‌కి 1000 పోయినా ఇంకా 400 మిగులుతాయి. మూడో రౌండ్‌లో ఐదుగురూ నిండుగా దిగుతారు. స్మోకులు (ఎదుటివాళ్లకి కనపడకుండా అడ్డంపెట్టే పొగ) వేసేవాడు రెండేళ్లుగా స్మోకులే వేస్తున్నాడు, కిల్స్ తక్కువొచ్చాయని అలగడు. ఒకే వీధిలో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి పెరిగిన పిల్లలు మరి. మిగతా టీములు ఓడగానే మనిషిని మార్చేస్తాయి. హాస్టల్ పిల్లలైతే ఔటింగ్ దొరికిన వారమే వస్తారు, పాపం అది వాళ్ల చేతిలో లేదు.

ఇక నా తప్పు. నాకౌట్ పెట్టింది నేనే. గెలిచిన టీమ్ మూడు మ్యాచ్‌లు ఆడుతుంది, నాలుగు టీములు ఒక్క మ్యాచ్‌తో ఇంటికెళ్తాయి. ఏడు వారాల్లో గుణదల వాళ్లు 21 మ్యాచ్‌లు ఆడితే, ప్రతిసారీ మొదట్లోనే పోయిన టీమ్ ఆడింది 7. పైగా ప్రైజు కింద మనిషికి 10 గంటలు ఫ్రీ అన్నాను. అంటే ఇప్పటికి 350 గంటలు, అవీ వెనక వరుసలో బొమ్మ సాఫీగా కదిలే 144 హెర్ట్జ్ మానిటర్ల మీద. కడుపు నిండినవాళ్లకే మళ్లీ మళ్లీ వడ్డించాను.

ఆ టీమ్‌ని విడగొట్టమని కొందరు అడిగారు. విడగొట్టను. కలిసి ఆడటం నేర్చుకున్నవాళ్లకి శిక్ష వేయడానికి నాకు మనసొప్పదు.

ఈ ఆదివారం నుంచి నాకౌట్ తీసేస్తున్నా. ఎనిమిది టీములూ తలా మూడు మ్యాచ్‌లు ఆడతాయి. గెలిచినవాళ్లకి గెలిచినవాళ్లతో, ఓడినవాళ్లకి ఓడినవాళ్లతో. 7 మ్యాచ్‌లు 12 అవుతాయి. ఉన్న 20 సిస్టమ్స్ మీద ఒకేసారి రెండే మ్యాచ్‌లు నడుస్తాయి కాబట్టి మూడు గంటల్లో అయ్యేది నాలుగున్నర పడుతుంది. విడిగా ఆడుకోడానికి వచ్చేవాళ్లు ఆదివారం ఏడింటి తర్వాత రండి, ఏమీ అనుకోకండి. ఎంట్రీ ఫీజు పెంచడం లేదు.

వారానికి ఇచ్చే 50 గంటలు అలాగే ఉంటాయి. 10 గెలిచిన టీమ్‌కి, 40 అడుగున ఉన్న నాలుగు టీములకి. ఐదుగురూ కలిసి వస్తేనే ఆ గంటలు చెల్లుతాయి, ఒక్కొక్కరుగా వస్తే ఇవ్వను. వెనక వరుస ఏ మ్యాచ్‌కో టాస్ వేస్తాం. ముందు వరుస మానిటర్లు కూడా మార్చాలనుంది కానీ అద్దె, కరెంటు బిల్లు కట్టాక ఈ నెల చేతిలో అంత లేదు.

గుణదల పిల్లలకి ఇవన్నీ ముందే చెప్పాను. "మాకూ గట్టిగా ఆడేవాళ్లు కావాలి కదన్నా" అన్నారు. మంగళవారం రాత్రి ఏ టీమ్ వచ్చినా ప్రాక్టీస్ మ్యాచ్ ఆడతామన్నారు.

పేర్లు శనివారం రాత్రి తొమ్మిదిలోపు ఇవ్వండి. హాస్టల్ తమ్ముళ్లూ, మీ ఔటింగ్ ఏ ఆదివారమో, ఎన్నింటికి లోపల ఉండాలో చెప్పండి. దాన్నిబట్టి మొదలుపెట్టే టైం మారుస్తా.